అత్తిపత్తికి నిద్ర కావాలి

మా వేణి స్నానాల గది తలుపుకి గడియ పెట్టుకోక పన్నెండేళ్ళు.

పదకొండో ఏట దానికి మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఆ గదిలోనే. లోపల్నించి గడియ. మా ఆయన గునపం తెచ్చి తలుపు పగలగొట్టేసరికి బకెట్ పక్కన నురగలు కక్కుతూ పడి ఉంది పిల్ల. ఆ రోజే గడియ ఊడబీకించేశాను. తరవాత ఆయన పోయాడు, మేం విశాఖ వచ్చాం, అద్దె ఇళ్ళు నాలుగు మారాం. ఎక్కడికెళ్ళినా సామాను సర్దకముందే నేను చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ పెట్టి బాత్రూం గడియ తీసెయ్యడం. ఇంటివాళ్ళు వింతగా చూసేవారు. చూడనీ, వాళ్ళ సొమ్మేం పోయింది! పిల్ల లోపల నీళ్ళు పోసుకుంటుంటే నేను బయట తలుపుకి వీపానించి కూచుని "వేణీ" అనేదాన్ని. అది "ఊఁ" అనాలి. అరనిమిషానికోసారి. ఇరవై మూడేళ్ళ పిల్లకి అదెంత చిరాకో నాకు తెలుసు. తెలిసీ మానలేదు.

అలాంటిదాన్ని నా చేత్తోనే ఆ గడియ మళ్ళీ బిగించాను. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

మాది కడియపులంక. నర్సరీల్లో పుట్టి, నర్సరీల్లో పెరిగాను. పేరు నూకరత్నం, చదువు పదో తరగతి. నాలాంటిదాన్ని పిలిచి మరీ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం ఇచ్చారంటే కారణం ఒక్కటే. అక్కడున్న అంతలేసి డాక్టరేట్లూ కలిసి కుండీల్లో మొక్కల్ని చంపేస్తున్నారు.

చేరిన రోజే ఒక కుండీ ఎత్తి చూసి, "ఎవరండీ దీనికి నీళ్ళు పోసింది?" అన్నాను.

"నేనేనండి," అన్నాడు బెనర్జీ గారు. నలభై దాటిన మనిషి, అక్కడ శాస్త్రవేత్త. "ఆకులు వాలినట్టు కనిపిస్తేనూ, పాపం దాహంగా ఉందేమోనని బాటిల్లో మిగిలినవి పోశాను."

"మీకు దాహమేత్తే మీరు తాగండి. ఇదెంత బరువుందో ఎత్తి చూడండి ఓసారి! వేళ్ళు నీళ్ళలో ఊపిరాడక చత్తన్నాయండి బాబూ. ఎండి చచ్చే మొక్కలు పదైతే, మన ప్రేమకి చచ్చేవి తొంభై."

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం బుద్ధిగా కుండీ ఎత్తి చూశాడు. నేను అందరికీ ఒకటే పాఠం చెప్పాను: కుండీ ఎత్తితే తేలిగ్గా ఉండాలి, వేలు రెండో కణుపుదాకా మట్టిలో దింపితే తడి తగలకూడదు. రెండూ కుదిరితేనే నీళ్ళు. ఆకు చూసి పోసేవాడికి మొక్క దక్కదు.

అవి మామూలు మొక్కలు కావు. చూడ్డానికి గట్ల మీద పెరిగే అత్తిపత్తే, కానీ ముట్టుకుంటే ముడుచుకోదు. ఆ కేంద్రానికి పెద్దావిడ ఇందీవర గారు. నేను చేరిన వారానికి ఆవిడ నన్ను పిలిచి ఒక మొక్క ముందు కూచోబెట్టింది. మొక్క కాడకి వెంట్రుకంత తీగ కట్టి ఉంది. ఆవిడ చిన్న రబ్బరు తిత్తి మూతి విప్పి గాలిని మొక్క మీదికి వదిలింది. చూస్తుండగానే ఆకులు రెండేసి చొప్పున మూసుకుపోయాయి, కాడ భుజాలు జారేసినట్టు వాలిపోయింది. తీగ లాగి కింద బజర్ కుయ్యిమంది.

"ఏటండీ ఆ గాలి?" అన్నాను.

"ఒక పేషెంటు ఊపిరి. ఫిట్స్ రావడానికి పది నిమిషాల ముందు పట్టాం. అప్పుడు మనిషి ఊపిరిలో ఒక వాసన తేలుతుంది రత్నమ్మా. మన ముక్కుకి అందదు. దీనికి అందేలా చేశాం."

పది నిమిషాలు! పది నిమిషాల ముందు తెలిస్తే పొయ్యి కట్టేయొచ్చు, మెట్ల మీదుంటే దిగొచ్చు, చాప మీద పక్కకి తిరిగి పడుకోవచ్చు. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. మా వేణి సంగతి ఆవిడకి ఆ రోజే చెప్పాను.

చిక్కల్లా ఒకటే. ఆ మొక్కకి దాహమేసినా కాడ వాలుతుంది, వెలుతురు చాలకపోయినా వాలుతుంది. బజర్ మోగితే మనిషికొచ్చిందా, మొక్కకొచ్చిందా అన్నది తేలాలి కదా. అందుకే నీళ్ళ లెక్క, వెలుతురు లెక్క చూడ్డానికి నాలాంటిదాన్ని పెట్టుకున్నారు. పైగా అత్తిపత్తి నిద్రపోతుంది. రోజుకి పది గంటలు చీకటి ఉండి తీరాలి. ఆ పది గంటలూ దానికి ఏ వాసనా పట్టదు, అప్పుడు ఇంట్లో మనుషులే కాపలా ఉండాలి. ఇది ఇందీవర గారు పదిసార్లు చెప్పిన మాట.

ఏడాది తిరిగాక పన్నెండు ఇళ్ళకి పన్నెండు కుండీలు ఇచ్చారు, పరీక్షగా. అందులో ఒకటి మా ఇంటికొచ్చింది.

మద్దిలపాలెంలో మాది రెండో అంతస్తు. తూర్పు కిటికీలోంచి పది దాకానే వెలుతురు. అందుకని కుండీకి జానెడు ఎత్తున ల్యాబు వాళ్ళిచ్చిన లైటు వేలాడదీశాను. నాలుగో రోజు వేణి కుట్టు మిషన్ మీద ఉండగా బజర్ మోగింది. వేలు మట్టిలో పెట్టి చూశాను, తడిగానే ఉంది. కరెంటూ ఉంది. "వేణీ, లేచి పడుకో!" అని అరిచాను. అది చాప మీద పడుకున్న తొమ్మిదో నిమిషంలో ఫిట్స్ వచ్చింది. దెబ్బ తగల్లేదు, నాలిక తెగలేదు. తేరుకున్నాక అది మొక్కకేసే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం అడిగింది. "అమ్మా, బాత్రూంకి గడియ పెట్టించవా? మొక్కని లోపలికి పట్టుకెళ్తాను."

ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? మర్నాడు హార్డువేర్ షాపులో గడియ కొని నేనే బిగించాను. అది కుండీ పట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. పావుగంట తరవాత తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "అబ్బ! ఎంత హాయిగా ఉందో తెలుసా," అంది. బజర్ మోగితే వెంటనే గడియ తీసి బయటికి రావాలి, అదీ మా ఒప్పందం. పది నిమిషాలు చాలు కదా.

ఎవరికైనా అక్కడితో ఆందోళన తగ్గాలి. నాకు అక్కడే పెరిగింది. పగలు సరే, ఎనిమిదింటికి లైటార్పితే మొక్క నిద్రపోతుంది. మరి ఆ పది గంటలు నా పిల్లకి ఎవరు దిక్కు? పన్నెండేళ్ళుగా దాని పక్కన కునికిపాట్లు పడుతూ ఉన్నదాన్ని నేనే కదా, ఇంకొన్నాళ్ళు ఉండలేనా? ఉండొచ్చు. కానీ మెలకువగా ఉండే కాపలా ఒకటుందని తెలిశాక నా కళ్ళు నా మాట వినలేదు. పగలంతా ల్యాబులో పని, ఇంటికొస్తే మంచం చూడగానే ఒళ్ళు తేలిపోయేది. ఒక రోజు లైటు పదింటిదాకా ఉంచాను. మర్నాడు పన్నెండు. పదిహేను రోజులు తిరిగేసరికి మొక్కకి మూడు గంటల చీకటే మిగిలింది. ల్యాబు వాళ్ళిచ్చిన పుస్తకంలో మాత్రం రోజూ ఒకటే రాసేదాన్ని: లైటు ఆర్పింది రాత్రి ఎనిమిది, వేసింది ఉదయం ఆరు.

ఓసారి వేణి దుప్పటి ముసుగులోంచి, "ఇంకా లైటేంటమ్మా?" అంది.

"కొత్త పద్ధతి. మేడమ్ గారు చెప్పారు," అన్నాను. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని, ఆ అబద్ధం మాత్రం భలే దాచాను.

ఒక రాత్రి రెండింటప్పుడు బజర్ మోగింది. పిల్లని పక్కకి తిప్పి పట్టుకున్నాను. వచ్చింది, పోయింది. నేను చేసింది మంచిపనే అనుకున్నాను.

బజర్ ఎప్పుడు మోగిందీ దానంతటది ల్యాబుకి చేరుతుందన్న సంగతి నాకు గుర్తు లేకపోలేదు. దాని వల్ల ఏమవుతుందో ఊహించలేదంతే. మర్నాడు నేను వెళ్ళేసరికి ఇందీవర గారి మొహం వెలిగిపోతోంది.

"రత్నమ్మా! మీ మొక్క నిద్రలో కూడా పసిగట్టింది! ఆకులు ముడుచుకుని ఉన్నా కాడ పనిచేస్తోందన్నమాట. నువ్వు ఎనిమిదింటికే ఆర్పావు కదా?"

"ఆర్పానండి," అన్నాను.

ఒక్క మాట. నాలిక మీద నుంచి అంత తేలిగ్గా జారిపోయింది. నిజం చెబితే కుండీ తీసుకుపోతారు, గడియ మళ్ళీ ఊడబీకాలి. ఆ క్షణంలో నాకు కనిపించింది అదొక్కటే. బెనర్జీ గారు ఇంకా ఓ పది రోజులు చూద్దామన్నాడు. ఆవిడా సరేనంది. ఆ పది రోజుల్లో మా ఇంట్లో ఇంకోసారి మోగింది, రాత్రిపూటే. దాంతో మిగతా పదకొండు ఇళ్ళకీ కబురు వెళ్ళిపోయింది, రాత్రి కూడా మొక్కని నమ్మొచ్చని.

ఆ కబురు పంపిన నాటినుంచీ నాకు అన్నం సహించలేదు. ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ వెళ్ళడం, ఆవిడ మొహం చూసి ఊరుకోవడం. ఈలోగా మా మొక్క తేడాగా అనిపించసాగింది. ఆకులు విచ్చుకునే ఉన్నాయి, పచ్చగానే ఉన్నాయి, కానీ గాలికి కదిలే తీరులో చురుకు లేదు. ఉదయం కుండీ ఎత్తి చూశాను. బరువుగా ఉంది. వేలు పెట్టాను. తడి. నా చెయ్యి చెబుతూనే ఉంది వద్దని. అయినా గ్లాసుడు నీళ్ళు పోశాను. మర్నాడూ పోశాను. పాపం దాహంగా ఉందేమో! బెనర్జీ గారిని నలుగురిలో కడిగేసిన నోరు నాదే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు పడ్డాను.

ఆ శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి వేణి కుండీ పట్టుకుని స్నానానికి వెళ్ళింది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు, తరవాత కుళాయి చప్పుడు. కుళాయి అలా పారుతూనే ఉంది. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు కూడా వినిపించాక కత్తిపీట వదిలేసి లేచాను.

"వేణీ!"

పలకలేదు.

"వేణీ! ఒసే వేణీ!"

బజర్ లేదు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపుని భుజంతో గుద్దాను, కాలితో తన్నాను. ఆ గడియ నేనే ఏరి కొన్నాను, గట్టిది కావాలని. పక్క వాటాలో వీర్రాజు గారు పరిగెత్తుకొచ్చి ఇద్దరం కలిసి తోస్తే నాలుగో తోపుకి ఊడింది.

పిల్ల గోడవారగా పడి ఉంది. కుళాయి అంచు తగిలి కనుబొమ మీద చీలింది, నీళ్ళన్నీ ఎర్రగా పారుతున్నాయి. ఫిట్స్ వచ్చి అప్పటికే తగ్గిపోయింది. నా చీరకొంగు దాని నుదుటికి అదిమి పట్టుకుని తలెత్తితే కిటికీ గూట్లో అత్తిపత్తి కనిపించింది. ఒక్క ఆకు ముడుచుకోలేదు. కాడలన్నీ నిటారుగా ఉన్నాయి. అంత ఊపిరి దాని మొహాన కొడుతున్నా ఏమీ జరగనట్టే నిలబడి ఉంది.

ఆసుపత్రిలో ఏడు కుట్లు వేశారు. వేణి మంచం మీద కళ్ళు తెరిచి పడుకుని ఉండగా ఇందీవర గారూ బెనర్జీ గారూ వచ్చారు. ఆవిడ నేరుగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పు మాది రత్నమ్మా. మా మొక్కని నమ్మి నీ కూతుర్ని అప్పజెప్పావు. ఎక్కడ లోపముందో నాకు అర్థం కావట్లేదు. నీ పుస్తకం చూస్తే నీళ్ళు, వెలుతురు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్ను క్షమించు."

ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. క్షమించమంటే తట్టుకోలేకపోయాను. అక్కడే నేల మీద కూలబడి మొత్తం చెప్పేశాను. లైటు సంగతి, పుస్తకం సంగతి, పోసిన నీళ్ళ సంగతి.

ఇందీవర గారు చేతులు వెనక్కి తీసుకుంది.

"అంటే రాత్రి అది నిద్రపోనేలేదు. దాన్ని మెలకువగా ఉంచి ఉంచి మొద్దుబారేలా చేశావు. మరి మిగతా ఇళ్ళలో... బెనర్జీ, ఫోన్లు చెయ్యి. ఇప్పుడే!"

ఆసుపత్రి వరండాలో నిలబడి ఇద్దరూ ఒక్కో ఇంటికీ ఫోన్ చేశారు. రాత్రిళ్ళు మొక్కని నమ్మొద్దు, మనిషి పక్కన ఉండాలి. పది ఇళ్ళ వాళ్ళు తీశారు. అందరూ క్షేమమే. పదకొండో ఇల్లు సింహాచలం రోడ్డులో రిటైరైన లెక్కల మాస్టారిది. ఫోన్ మోగుతోంది, తియ్యట్లేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ. నేను గోడకానుకుని అప్పన్నకి మొక్కుకున్నాను. ఆరోసారికి ఆయన భార్య తీసింది. ఆవిడ మాటలు నాకు కూడా వినిపించాయి.

"నిద్రలోనూ పనిచేత్తాదని మీరే చెప్పారు కదండీ. ఎన్నాళ్ళకో ఓ రాత్రి పక్క గదిలో పడుకున్నాను. తెల్లారి చూత్తే మంచం కింద ఉన్నారు. మణికట్టు ఇరిగింది. ఇప్పుడే కట్టు కట్టించుకొత్తన్నాం."

మణికట్టుతో పోయింది. పోయింది అనడానికి నాకేం హక్కుంది? ఆవిడ పన్నెండేళ్ళో ఇరవై ఏళ్ళో కాపలా కాసి ఉంటుంది, ఒక్క రాత్రి నిద్రపోయింది, అదీ నా రాతని నమ్మి.

లోపలికొచ్చేసరికి వేణి గోడవైపు తిరిగి ఉంది. "అమ్మడూ," అని భుజం మీద చెయ్యి వేశాను. తోసేసింది.

"నాకు కుట్లు పడ్డాయని కాదే నా బాధ. మొక్కని కూడా నాలాగే చేశావు. పన్నెండేళ్ళ నుంచీ నేను పడుకుంటే లైటేసి చూత్తావు, నీళ్ళు పోసుకుంటే పిలుత్తావు, కాసేపు కనపడకపోతే ఊరంతా వెతుకుతావు. నన్ను చూసుకోడానికి దాన్ని తెచ్చి, దాన్ని కూడా కన్ను మూయనివ్వలేదు. ఇంక అదేం చేత్తాది?"

ఏడ్చాను. ఏడుపు వల్ల ఏమీ తేలదని తెలిసీ ఏడ్చాను.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. ఇందీవర గారు రెండు రోజులు నా మొహం చూడలేదు. మూడో రోజు పిలిచి, "నీ చెయ్యి మాకు కావాలి. నీ రాత మాత్రం వద్దు," అంది. ఇకమీదట పుస్తకం నా చేతికివ్వరు. కుండీ ల్యాబులోనే ఉంచి, మట్టి మార్చి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, పది గంటల చీకటి లెక్కన మళ్ళీ నిద్ర నేర్పారు. ఆ ఆదివారం నేను మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్య లోపలికి రమ్మంది కానీ కూచోమనలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పి వచ్చాను.

ఈలోగా ఇంట్లో గడియ లేదు. నేను మళ్ళీ తలుపుకి వీపానించి "వేణీ" అంటుంటే, అది "ఊఁ" అనడం మానేసి మగ్గుతో బకెట్ అంచు మీద కొట్టేది. ఠంగ్. బతికే ఉన్నానని.

మూడు వారాలకి మొక్క కోలుకుంది. తిత్తిలోని గాలి వదిలితే ఠక్కున వాలింది. ఇందీవర గారు కుండీని మళ్ళీ మా ఇంటికి పంపేముందు వేణినే పిలిపించింది. "మీ అమ్మకి కాదు, నీకిస్తున్నా. పుస్తకం నువ్వు రాయాలి."

"నాకు నీళ్ళ లెక్క రాదు మేడమ్."

"మీ అమ్మ నేర్పుతుంది."

నేర్పాను. ఎత్తి చూడ్డం, వేలు దించి చూడ్డం, ఆకు చూసి మోసపోకుండా ఉండడం. అది నాకంటే మొండిది. రాత్రి ఎనిమిది కొట్టగానే లైటార్పి కుండీ మీద నల్లగుడ్డ కప్పేసేది. రాత్రి కాపలా కూడా అదే ఏర్పాటు చేసుకుంది. మంచం తీసేసి నేల మీద పరుపు, నా మంచం పక్కన. "నేను పడితే అంగుళం ఎత్తు నించి పడతాను. నువ్వు పడుకో," అంది. మొదటి మూడు రాత్రులు నేను కళ్ళు మూసుకుని పడుకున్నట్టు నటించాను. నాలుగో రాత్రి నిజంగానే పట్టేసింది.

వీర్రాజు గారి చేత గడియ మళ్ళీ బిగింపించింది కూడా అదే. అయిదో రోజు ఉదయం కుండీ ఎత్తి చూసి, వేలు పెట్టి, "పైన ఆరింది గానీ లోపల తడుంది. సాయంత్రం పోత్తాను," అని పుస్తకంలో రాసుకుంది. నేనైతే పోసేసేదాన్ని. తువ్వాలు భుజాన వేసుకుని, కుండీ చంకన పెట్టుకుని బాత్రూం గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మా, పిలవకు. పిలిత్తే నేను బజర్ వినాలా, నిన్ను వినాలా?"

గడియ పడింది.

నేను తలుపు దగ్గర కూచోలేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను. రెండోసారి కడిగాను. మూడోసారి కూడా కడిగానని తరవాత తెలిసింది. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. పిలవాలని గొంతులోదాకా వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు బజర్ మోగింది.

గిన్నె వదిలేసి పరిగెత్తాను. తలుపు మీద చెయ్యి వేసి తోయబోతుండగా లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ వెంటనే గడియ తీసిన చప్పుడు అయింది, లోపల్నించి. వేణి తడి జుట్టుతో, నైటీ తొడుక్కుని, కుండీ పట్టుకుని బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది కానీ అడుగు తడబడలేదు. హాల్లోకి నడిచి చాప పరుచుకుని, ఎడమ పక్కకి తిరిగి తనంతట తనే పడుకుంది.

"కుళాయి కట్టేశాను," అంది. "ఇంకా ఎనిమిది నిమిషాలుంటాది. మొక్కని కిటికీ దగ్గర పెట్టు. నీళ్ళు పొయ్యకు."

కుండీని వెలుతుర్లో పెట్టాను. నీళ్ళు పొయ్యలేదు. వచ్చి దాని తల పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాను. ఈసారి తోసెయ్యలేదు. గడియారం చూసుకుంటూ, వచ్చేదాని కోసం ఇద్దరం కలిసి కాచుకున్నాం.